ముప్పాతిక స్పిట్‌ఫైర్

రెండవ ప్రపంచ యుద్ధకాలంలోను, దానికి కాస్త ముందువెనుకలుగాను బ్రిటన్‌లో ఇరవై వేలకు పైగా స్పిట్‌ఫైర్ విమానాలు తయారు కాగా, నేటికీ గాలిలోకి లేవగల స్థితిలో మిగిలినవి వందకు లోపే ఉన్నాయి. వాటిలో ఒకటి అమ్మకానికి వస్తే పలికే ధర పది లక్షల డాలర్లను సులువుగా దాటుతుంది. ఇంధనానికి, 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్‌ను ఎప్పటికప్పుడు విప్పి సరిచూసి బిగించడానికి అయ్యే ఖర్చు దానికి అదనం. ఆ విమానం మీద మోజు ఉండి అంత స్తోమత లేని ఔత్సాహికులు దాని రూపాన్ని తమ గ్యారేజీలోనే, తమ చేతులతోనే కట్టుకునే మార్గాన్ని కొన్ని దశాబ్దాలుగా వెతుకుతూ వచ్చారు. మొదట్లో వారు డ్రాయింగులు మాత్రమే కొనుక్కొని, కలపను, రేకును, గొట్టాలను తామే సేకరించుకొని పని మొదలుపెట్టేవారు. తరువాత భాగాలను ముందే కోసి, వంచి, రంధ్రాలు వేసి పెట్టెల్లో పంపే సంస్థలు వెలిశాయి. అలా వచ్చే భాగాల సముదాయాన్నే కిట్ అంటారు.

ఇవి బొమ్మలు కావు, మనిషిని మోసుకుని ఎగిరే విమానాలు. అయితే వీటిలో అధిక భాగం అసలు విమానం కంటే చిన్నవి: కొన్ని సగం, కొన్ని అరవై శాతం, చాలావరకు ముప్పాతిక, మరికొన్ని ఎనభై, తొంభై శాతం కొలతలతో ఉంటాయి. కొలత తగ్గించడం కాగితం మీద ఎంత తేలికో గాలిలో అంత చిక్కు, ఎందుకంటే రూపకర్త విమానాన్ని కుదించగలడు గాని గాలి చిక్కదనాన్ని, భూమి ఆకర్షణను, కాక్‌పిట్‌లో కూర్చునే మనిషిని కుదించలేడు. అందువల్ల అసలు విమానానికి ప్రతి కొలతలోనూ విధేయంగా ఉండే నకలు మంచి విమానం కాలేదు. మంచి నకలు అనిపించుకున్నవన్నీ ఎక్కడ మాట తప్పాలో తెలిసి, కంటికి తెలియకుండా మాట తప్పినవే.

ఈ చిక్కుకు మూలం గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో చర్చించిన ఒక సూత్రంలో ఉంది. ఆకారం మారకుండా ఒక వస్తువు పొడవును తగ్గిస్తే దాని ఉపరితల వైశాల్యం ఆ నిష్పత్తి వర్గంగా, ఘనపరిమాణం ఆ నిష్పత్తి ఘనంగా తగ్గుతాయి. తొలి తరం స్పిట్‌ఫైర్ రెక్కల వైశాల్యం దాదాపు 22.5 చదరపు మీటర్లు, ఎగిరేటప్పటి బరువు సుమారు 2,650 కిలోలు. దీన్ని ముప్పాతిక కొలతకు తెస్తే రెక్కల వైశాల్యం 12.7 చదరపు మీటర్లకు, బరువు సుమారు 1,120 కిలోలకు దిగుతాయి. రెక్కలోని ఒక్కొక్క చదరపు మీటరు మోయవలసిన బరువును రెక్కభారం అంటారు. అది 118 కిలోల నుంచి 88 కిలోలకు తగ్గుతుంది. విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం రెక్కభారపు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది గనుక, చిన్న విమానం అసలుదాని కంటే పదమూడు శాతం తక్కువ వేగంతో నేల దిగగలుగుతుంది. ఇంతవరకు ప్రకృతి ఔత్సాహికుడి పక్షానే ఉన్నట్లు కనిపిస్తుంది.

కనిపించేదంతా నిజం కాదని తెలియడానికి సగం కొలత దాకా వెళ్లాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970లలో వార్ ఎయిర్‌క్రాఫ్ట్ రెప్లికాస్ అనే సంస్థ జర్మన్ ఫోకే-వుల్ఫ్ 190కు సగం కొలత నకలును రూపొందించి, దాని డ్రాయింగులను అమ్మింది. కర్రపెట్టె లాంటి అస్థిపంజరం చుట్టూ నురుగు ప్లాస్టిక్ దిమ్మెలు అతికించి, వాటిని కావలసిన ఒంపుకు చెక్కి, పైన జిగురులో తడిపిన గుడ్డ పరచడం దాని నిర్మాణ పద్ధతి. లోపలి పెట్టె మారకుండా పైనున్న నురుగును వేరే విధంగా చెక్కితే అదే విమానం అమెరికన్ కోర్సెయిర్‌గానో థండర్‌బోల్ట్‌గానో రూపం మార్చుకుంటుంది. ఇంత చతురమైన ఉపాయం ఈ రంగంలో మరొకటి అరుదు. అసలు ఫోకే-వుల్ఫ్ బరువు 4,400 కిలోలు, అందులో ఎనభై కిలోల పైలట్ వాటా రెండు శాతానికి లోపు. నకలు మొత్తం బరువు నాలుగు వందల కిలోల చిల్లర కాగా, అదే పైలట్ ఇప్పుడు అందులో ఐదో వంతు. అతని తల, భుజాలు, మోకాళ్లు సగానికి తగ్గవు గనుక కాక్‌పిట్ మీది గాజు మూతను కొంత ఎత్తుగా, కొంత వెడల్పుగా చేయక తప్పదు. రెక్కలను కూడా కచ్చితమైన సగంగా ఉంచితే అవి మోయవలసిన భారం మరీ ఎక్కువవుతుంది గనుక, పేరుకు సగమే అయినా వాటి పొడవు సగాన్ని మించే ఉంటుంది.

ఈ సంస్థ పనికి ఎంచుకున్న నమూనాల్లో చాలావరకు లావుపాటి ముక్కు ఉన్న విమానాలే కావడం కాకతాళీయం కాదు. అసలు విమానాల్లో ఆ ముక్కులో సిలిండర్లు ఇరుసు చుట్టూ చక్రంలా అమరిన రేడియల్ ఇంజిన్ ఉండేది. చిన్న విమానాలకు దొరికే ఇంజిన్లు ఎక్కువగా సిలిండర్లు రెండు పక్కలకూ చాచుకుని ఉండే అడ్డ ఇంజిన్లు కావడంతో, వాటి వెడల్పు గుండ్రటి పెద్ద ముక్కులో సులువుగా దాగుతుంది. స్పిట్‌ఫైర్ ముక్కు సన్నగా, కొనదేరి ఉంటుంది. కొలత తగ్గేకొద్దీ ఆ సన్నదనంలో అడ్డ ఇంజిన్ ఇమడక, ముక్కుకు రెండు వైపులా బుడిపెలు పెట్టవలసి వస్తుంది. అసలు స్పిట్‌ఫైర్‌ను రూపొందించిన సూపర్‌మెరీన్ సంస్థలో ఒకప్పుడు పనిచేసిన జాన్ ఐజాక్స్ అరవై శాతం కొలతతో, పూర్తిగా కలపతో కట్టిన స్పిట్‌ఫైర్ 1975లో ఎగిరింది. దాని ఇంజిన్ శక్తి 100 అశ్వశక్తి, అంటే మెర్లిన్ శక్తిలో పదోవంతు.

పదోవంతు శక్తితో యుద్ధవిమానపు ఆకారం ఎలా ఎగురుతుందన్న ప్రశ్న సహజమే. వేగం కొలత వర్గమూలంగా, బరువు కొలత ఘనంగా తగ్గితే, కావలసిన శక్తి కొలతను మూడున్నర ఘాతానికి పెంచినంతగా తగ్గుతుంది. ఆ లెక్కన ముప్పాతిక స్పిట్‌ఫైర్‌కు 1,030 అశ్వశక్తికి బదులు సుమారు 375 సరిపోవాలి. ఆచరణలో అంతకన్నా చాలా తక్కువతో పని జరుగుతుంది, ఎందుకంటే నకలు మోయనివి అనేకం: మరతుపాకులు, గుళ్లు, పైలట్ వెనుక ఉక్కు కవచం, భారీ రేడియో, వందల లీటర్ల పెట్రోలు. ఆస్ట్రేలియాలో పుట్టిన సూపర్‌మెరీన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ రూపొందించిన ఎనభై శాతం కొలత స్పిట్‌ఫైర్ కిట్ మార్క్ 26లో ఎనిమిది సిలిండర్ల జబిరు ఇంజిన్ 180 అశ్వశక్తిని ఇస్తుంది. అమెరికన్ యుద్ధవిమానం ముస్తాంగ్‌కు అమెరికాలోని టైటన్ సంస్థ చేసిన ముప్పాతిక కొలత నకలు టీ-51 తన తొలి రూపంలో 100 అశ్వశక్తి రోటాక్స్ ఇంజిన్‌తో ఎగురుతుంది. అసలు స్పిట్‌ఫైర్ గంటకు 580 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది. ఈ నకళ్లకు ఆ వేగం అందదు, వాటిని కట్టేవారు దాన్ని కోరడమూ లేదు.

కోరినవారు లేకపోలేదు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో రూపొందిన థండర్ ముస్తాంగ్ 1996లో తొలిసారి ఎగిరింది; కార్బన్ నారతో చేసిన దాని ముప్పాతిక శరీరంలో పన్నెండు సిలిండర్లతో 640 అశ్వశక్తి నిచ్చే ఇంజిన్‌ను అమర్చారు. వేగం విషయంలో అది చిన్న పరిమాణపు నిజమైన యుద్ధవిమానం. కాని అంత శక్తితో పాటు అంత ఖర్చు, అంత పైలట్ నైపుణ్యం అవసరమయ్యేసరికి, ఔత్సాహికుడి విమానమన్న మాటకు అర్థం పలచబడింది. ఆ కిట్లను కొన్నవారు కొద్దిమందే.

బరువు, శక్తి కన్నా సూక్ష్మమైన చిక్కు ఒకటుంది. ఒక వస్తువు తిరగడానికి చూపే ప్రతిఘటనను భౌతికశాస్త్రం జడత్వ భ్రామకం అంటుంది. అది ద్రవ్యరాశితో పాటు దూరపు వర్గం మీద కూడా ఆధారపడుతుంది గనుక, కొలత సగమైతే ముప్పై రెండో వంతుకు పడిపోతుంది. తోక రెక్కలు, రడ్డర్ వంటి నియంత్రణ తలాలు తిప్పే బలపు ప్రభావం మాత్రం పదహారో వంతుకే తగ్గుతుంది. ఈ రెంటి ఫలితంగా సగం కొలత విమానం కంట్రోల్ స్టిక్ కదలికకు రెట్టింపు చురుగ్గా స్పందిస్తుంది. పైలట్ నరాలు, కండరాలు స్పందించడానికి పట్టే సమయం మాత్రం సగం కాలేదు. అసలు విమానంలో సమర్థుడైన పైలట్ సరిదిద్దగలిగిన ఊపును నకలులో సరిదిద్దబోయి, ఆలస్యమైన ప్రతిచర్యతో దాన్ని ఇంకా పెంచే ప్రమాదం ఇక్కడే ఉంది. చాలామంది రూపకర్తలు తోక అడ్డ రెక్కను నిష్పత్తి కంటే కొంచెం పెద్దది చేయడానికీ, గరిమనాభిని, అంటే విమానపు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువును, కొంచెం ముందుకు జరపడానికీ కారణం ఇదే. ఫొటోలో చూసినవారికి ఈ తేడా తెలియదు. మొదటిసారి ఎగరేసినవారికి వెంటనే తెలుస్తుంది.

గాలి కూడా తన వంతు తేడా చూపుతుంది. ప్రవాహంలో జడత్వ ప్రభావానికీ, గాలి స్నిగ్ధతకూ, అంటే పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని లాగే గుణానికీ గల నిష్పత్తిని రేనాల్డ్స్ సంఖ్య అంటారు. రెక్క వెడల్పు, వేగం రెండూ తగ్గితే ఈ సంఖ్య తగ్గి, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాగే గాలి పొర మరింత తొందరగా విడివడుతుంది. అలా విడివడి రెక్క ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోవడమే స్టాల్. రెక్క కొసల దగ్గర వెడల్పు అతి తక్కువ గనుక చిన్న నకలుకు ముప్పు అక్కడే ఎక్కువ. ఒక కొస ముందుగా స్టాలైతే విమానం ఆ పక్కకు దొర్లి గింగిరాలు తిరుగుతూ పడిపోవచ్చు. అసలు స్పిట్‌ఫైర్‌లో దాని రూపకర్త ఆర్. జె. మిచెల్ బృందం ఈ సమస్యను ముందే ఊహించి, రెక్కను మొదలు దగ్గర రెండు డిగ్రీలు పైకి, కొసలో అర డిగ్రీ కిందికి ఉండేలా మెలిపెట్టింది. అందువల్ల స్టాల్ రెక్క మొదలు దగ్గర ప్రారంభమై, విడివడిన గాలి తోకను కుదిపి పైలట్‌ను ముందుగానే హెచ్చరించేది. నకళ్లు తయారుచేసేవారు ఈ మెలికను వదులుకోరు. అవసరమైతే పెంచుతారు కూడా. ఆ రెక్క అండాకారపు అంచును అనుకరించి అంతటితో తృప్తిపడే నకలు, స్పిట్‌ఫైర్‌లోని అందాన్ని తీసుకుని తెలివిని వదిలేసినట్టే.

నేల మీద నడక మరొక పరీక్ష. ఆ కాలపు యుద్ధవిమానాల్లో అధిక భాగానికి రెక్కల కింద రెండు ప్రధాన చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉండేవి. గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుక ఉండడంతో, బాణాన్ని తోక ముందుకు ఉండేలా విసిరినప్పుడు అది వెనుదిరగడానికి చూసినట్లే, పరుగు తీసే విమానం కొద్దిగా పక్కకు మళ్లితే వెనుకనున్న బరువు దాన్ని ఇంకా తిప్పివేస్తుంది. స్పిట్‌ఫైర్ చక్రాల మధ్య దూరం 1.74 మీటర్లే, ముప్పాతిక చేస్తే అది 1.3 మీటర్లకు తగ్గుతుంది. ముస్తాంగ్ చక్రాలు మూడున్నర మీటర్లకు పైగా ఎడంగా ఉంటాయి గనుక దాని నకలు ముప్పాతికలో కూడా అసలు స్పిట్‌ఫైర్ కంటే నిలకడగా పరుగెడుతుంది. కిట్ల విపణిలో ముస్తాంగ్ నకళ్లు ఇంత విస్తారంగా ఉండడానికి సినిమాలు, స్వదేశాభిమానం ఎంత కారణమో ఈ ఎడమూ అంత కారణమని చెప్పవచ్చు. కలపతో విమానాలను రూపొందించిన ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ జుర్కా కూడా ముస్తాంగ్‌నే రెండు కొలతల్లో రూపొందించి, ఇంగ్లీషు పేరులోని అక్షరాలను వెనుక నుంచి చదివి దానికి నాట్సమ్ అని పేరు పెట్టాడు.

ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు కారు ఇంజిన్లను అమర్చుకుంటారు. కారు ఇంజిన్ తన పూర్తి శక్తిని నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగినప్పుడే ఇస్తుంది. ప్రొపెల్లర్ అంత వేగంగా తిరిగితే దాని కొసలు ధ్వనివేగాన్ని సమీపించి శక్తినంతా చప్పుడుగా వృథా చేస్తాయి. కాబట్టి మధ్యలో వేగం తగ్గించే గేర్లో బెల్టో పెట్టాలి. ప్రతి సిలిండర్ పేలుడుతోనూ ఇరుసు సన్నగా మెలితిరిగి విడుస్తుంటుంది. ఈ మెలికల లయ గేరు, ప్రొపెల్లర్ల సహజ కంపనంతో కలిస్తే అనునాదం ఏర్పడి, బలమైన ఉక్కు భాగాలు కూడా కొద్ది గంటల్లో పగలగలవు. ఇంజిన్ ఎంత నమ్మకమైనదైనా ఈ మధ్య భాగమే కారు ఇంజిన్ విమానాలకు బలహీన స్థానం. ఇక నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉన్న ముక్కుకు రెండు పక్కలా ఆరేసి పొగగొట్టాలు కనిపిస్తే, వాటిలో అధిక భాగం అలంకారమేనని గ్రహించాలి.

అలంకారాన్ని తేలికగా తీసిపారేయనవసరం లేదు, ఈ విమానాల ఉద్దేశంలో అది సగం. యుద్ధకాలపు రంగులు, స్క్వాడ్రన్ గుర్తు అక్షరాలు, ఒక్కొక్క పైలట్ సొంత గుర్తులు పాత ఛాయాచిత్రాలతో సరిపోల్చి వేస్తారు. ఆ అక్షరాల్లో తెలుగు నేలకు సంబంధించినవి కూడా ఉన్నాయి. బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ నిజాం విరాళం ఇచ్చాడు గనుక దాని పేరులో హైదరాబాద్, దాని చిహ్నంలో నిజాం తలపాగా చోటుచేసుకున్నాయి. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన ఆ దళం తరువాత బర్మా రంగానికి తరలివచ్చింది. దాని స్పిట్‌ఫైర్ల పక్కల మీద యూఎం అన్న గుర్తు అక్షరాలు ఉండేవి.

నిర్మాణం విషయానికి వస్తే, స్పిట్‌ఫైర్ శరీరం మోనోకాక్ పద్ధతిలో, అంటే పైతొడుగు రేకే బలాన్ని మోసేలా కట్టినది. వలయాకారపు చట్రాల మీద అల్యూమినియం రేకును రివెట్లతో బిగిస్తారు. యుద్ధకాలంలో ఈ రేకులను రెండు దిశల్లోనూ ఒంచడానికి నిపుణులైన కార్మికులు కావలసి వచ్చింది. అండాకారపు రెక్క కారణంగా తొలినాళ్లలో ఉత్పత్తి ఆలస్యమైందన్నది సుప్రసిద్ధం. నేటి లోహపు కిట్లలో కంప్యూటర్ ఆజ్ఞలతో పనిచేసే యంత్రం రంధ్రాలను ఎంత కచ్చితంగా వేస్తుందంటే, ఒక భాగం రంధ్రాలు మరొకదాని రంధ్రాలతో కలిస్తే చాలు, ఆకారం దానంతట అదే సరిగా వస్తుంది. ఒక పక్క నుంచే బిగించగల పుల్ రివెట్లు వాడడం వల్ల లోపల మరొకరు దిమ్మె పట్టుకుని కూర్చోనవసరం కూడా లేదు. అయినా గంటల లెక్క వేలల్లోనే ఉంటుంది, ఏళ్లు గడుస్తాయి, సగంలో ఆగిపోయి చేతులు మారే కిట్లకు కొదవ లేదు.

ఇంత శ్రమ ఔత్సాహికుడే చేయాలన్నది చట్టం కూడా. అమెరికాలో ఇలాంటి విమానాన్ని ప్రయోగాత్మక వర్గంలో నమోదు చేయాలంటే, దాని తయారీ, కూర్పు పనుల్లో అధిక భాగాన్ని విద్య కోసమో వినోదం కోసమో పనిచేసే వ్యక్తులే చేసి ఉండాలి. దీన్నే యాభై ఒక్క శాతం నిబంధన అని వ్యవహరిస్తారు. లెక్కలోకి వచ్చేది ఖర్చో బరువో కాదు, పనులు. తరువాత నిర్ణీత ప్రాంతంలో, ప్రయాణికులు లేకుండా, సాధారణంగా 25 లేదా 40 గంటల పరీక్షా విహారం పూర్తి చేయాలి. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తనిఖీదారులు నిర్మాణాన్ని దశలవారీగా చూసి సంతకం చేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలకు ఈ కుదింపు గొడవ పెద్దగా లేదు. ఫోకర్ మూడంతస్తుల రెక్కల విమానం అసలే 110 అశ్వశక్తితో, ఆరు వందల కిలోల లోపు బరువుతో ఎగిరేది గనుక దాన్ని పూర్తి కొలతలో కట్టడం ఔత్సాహికుడికి అసాధ్యం కాదు; మిస్సోరీలోని ఎయిర్‌డ్రోమ్ ఏరోప్లేన్స్ సంస్థ అల్యూమినియం గొట్టాలతో అలాంటి కిట్లు అందిస్తోంది.

రెండవ యుద్ధపు విమానాన్ని పూర్తి కొలతలో తిరిగి కట్టడం ఔత్సాహికుడి పరిధిని దాటి చిన్న కర్మాగారపు పని అవుతుంది. జర్మనీలోని ఫ్లూగ్ వెర్క్ సంస్థ ఫోకే-వుల్ఫ్ 190 పూర్తి పరిమాణపు విమానాలను కొద్ది సంఖ్యలో తయారుచేసి, అసలు బీఎండబ్ల్యూ ఇంజిన్లు దొరకనందున వాటి స్థానంలో సోవియట్ రూపకల్పనకు చెందిన పద్నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను అమర్చేలా రూపొందించింది. అమెరికాలోని ఎవరెట్‌లో ఒక బృందం మెసర్‌ష్మిట్ 262 జెట్‌ను తిరిగి నిర్మించగా, తొలి విమానం 2002 డిసెంబరులో ఎగిరింది. ఆ విమానపు అసలు యూమో ఇంజిన్లు పాతిక గంటలు పనిచేస్తే గొప్ప అన్నట్లుండేవి. కొత్త విమానంలో వాటి ఆకారపు తొడుగుల లోపల, వాటికంటే ఎంతో తేలికైన జనరల్ ఎలక్ట్రిక్ ఇంజిన్లు దాగి ఉన్నాయి. బ్రేకులను, చక్రాల కాళ్లను కూడా బలపరిచారు. వీటికి మెసర్‌ష్మిట్ ఫౌండేషన్ సమ్మతితో 1945లో ఆగిపోయిన తయారీ క్రమసంఖ్యలనే కొనసాగించారు. అమెరికా విమానయాన అధికారుల నమోదులో మాత్రం ఇవి కూడా గ్యారేజీలో రివెట్లు కొట్టిన ముప్పాతిక ముస్తాంగ్ మాదిరిగానే ప్రయోగాత్మక వర్గానికి చెందినవి.